అర్ధరాత్రి గదిలోని రెండవ కంఠము

నర్సంపేటలో వరంగల్లునకు పోవు చివరి బస్సు కదలిపోయి, బస్టాండు ఎదుటి చాయ బండ్ల పొయ్యిలు ఆరి, పగలెల్ల పత్తి బస్తాలను మోసి అలసిన ట్రాలీ ఆటోలు ఇండ్ల ముందు నిలిచిన తరువాత, పాకాల రోడ్డు నుండి చీలిన మా సందులో ఒక గది కిటికీ మాత్రము వెలుగుచుండును. ఆ గది నాది. పగలు నేను ఒక ఎరువుల దుకాణమున లెక్కలు వ్రాయువాడను. రాత్రి భోజనమైన పిదప, అమ్మ నిద్రించినదని నిశ్చయించుకొని, ఆ గదిలోనికి పోయి తలుపు వేసికొని, చెవులకు హెడ్‌ఫోను తగిలించుకొని, కంప్యూటరు ముందు కూర్చుండి, ఒక్కొక్కనాడు రెండు గంటల వరకును, నాట్లకాలమున దుకాణము పని ఎక్కువగుటచేత పన్నెండింటి వరకును, శబ్దములను చేర్చుచు, విడదీయుచు, చెరిపివేయుచు ఉందును. ఇరువది యేండ్లుగా ఇది నా అలవాటు. ఈ పనిలో మనుష్యుడు ఒంటరివాడని నేను చాలకాలము నమ్మితిని. ఆ నమ్మకము తప్పని గ్రహించిన విధమును, అందువలన మా ప్రాంతమున పాటలు చేయువారికి చెప్పదలచిన ఒక మాటను ఇచట వ్రాయుచున్నాను.

గది పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు గలది. మా నాయన కాలమున పత్తి తీసిన దినములలో బేరము కుదురు వరకు సరుకంతయు అందులోనే గుట్టగా పడియుండెడిది. ఇప్పుడు దాని గోడలకు అమ్మ పాత చీరలతో కుట్టిన బొంతలు నాలుగు వ్రేలాడుచున్నవి. ఉత్త గోడల గదిలో చప్పట్లు కొట్టినచో ఆ శబ్దము గోడనుండి గోడకు తగిలి గణగణ మ్రోగును. మైకు ముందు పాడిన గొంతునకు ఆ మ్రోత ఒకసారి అంటుకొన్నదా, దానిని విడదీయుట ఎవరి తరమును కాదు. బొంత ఆ మ్రోతను మ్రింగును. నగరపు స్టూడియోలలో వేలకు వేలు పోసి కొను నురుగు పలకలు చేయు పనిలో చాలభాగమును మా అమ్మ సూది చేసినది. కాని బొంతకును ఒక హద్దు కలదు. సన్నని ధ్వనులను అది మ్రింగును గాని మంద్రధ్వనులను ఆపజాలదు. సెకండుకు 50 సార్లు కంపించు ధ్వనితరంగము గాలిలో ఇంచుమించు ఏడు మీటర్ల నిడివి గలది. అట్టి తరంగమునకు అంగుళము మందపు బొంత అడ్డు కాదు. అదియుగాక, పది అడుగుల గదిలో సెకండుకు 56 కంపనముల దాపున నుండు ధ్వని ఎదురెదురు గోడల నడుమ చిక్కుకొని, గోడ దగ్గర ఉరుమువలెను, గది నడుమ బొత్తిగా లేనట్లును వినబడును. స్పీకర్లలో విన్నప్పుడు నేను కూర్చున్న చోట చాలలేదనుకొని పెంచిన బేస్, మరునాడు పెండ్లి డీజే బండి మీదికెక్కి ఇండ్ల కిటికీ రెక్కలను ఊపివేయును. ఈ సంగతి తెలియక తొలి రెండేండ్లు నేను చేసిన పాటలన్నియు బురదలో దిగబడిన ఎడ్లబండివలె బరువుగా నుండెను. గది అబద్ధము చెప్పుననియు, ఆ అబద్ధము ఎంతటిదో ఎరిగి వినవలెననియు నేర్చుకొనుటకు నాకు పట్టిన కాలము కీబోర్డు నేర్చుకొనుటకు పట్టిన కాలముకన్న ఎక్కువ.

రాత్రియే ఎందుకని నా భార్య మొదట అడిగెడిది. పగటిపూట మా సందులో మైకు ముందు కూర్చుండుట వ్యర్థము. ప్రచారపు ఆటోలు, పాత సామాను కొనువారి రికార్డు కేకలు, మోటారు సైకిళ్లు, మిక్సీలు, అన్నియు పాడువారి గొంతు వెనుక దూరి కూర్చుండును. రాత్రి పదకొండు దాటిన తరువాత ఫ్యాను కట్టివేసి, పక్క గదిలోని ఫ్రిజ్జు స్విచ్చి తీసివేసి, కొన్ని క్షణములు కదలక కూర్చున్నచో చెవి మెల్లగా విచ్చుకొనును. మొదట కంప్యూటరు లోపలి చిన్న ఫ్యాను గాలి వినబడును. తరువాత గోడ అవతలి గడియారము. వానకాలమైనచో మాదన్నపేట చెరువు వైపు నుండి కప్పల బెకబెకలు. అంతవరకు విన్న తరువాతనే నేను ఒక స్వరమునైనను తాకుదును, అదియును హెడ్‌ఫోనులో మెల్లగా. గట్టిగా పెట్టుకొని విన్నచో ప్రతి పాటయు బాగున్నట్లే తోచును గనుక తప్పులు దాగిపోవును. వేసవి రాత్రులలో ఫ్యాను లేక చొక్కా తడిసి వీపునకు అంటుకొనును. ఆ ఉక్కలో రెండు గంటలు కూర్చుండి ఒక దెబ్బను ముందునకు జరుపవలెనా వెనుకకు జరుపవలెనా అని తర్కించుకొను మనుష్యుని పనికి గౌరవము దక్కవలెనని నా అభిప్రాయము.

యంత్రము చేయునది సంగీతమేనా అని నన్ను అడిగినవారు చాలమంది కలరు. వారిలో హార్మోనియము వాయించు ఒక పెద్దమనిషియు ఉండెను. ఆ హార్మోనియమునే 1940లో ఆకాశవాణి తన స్టూడియోలనుండి బహిష్కరించెను. ఆ నిషేధము 1971 వరకు సాగెను. వయొలిను ఐరోపావారి వెంట ఓడలో వచ్చిన పరాయి వాద్యము. ద్వారం వెంకటస్వామినాయుడుగారి చేతిలో అది విజయనగరపు వాద్యమైనది. 1954లో వచ్చిన హిందీ చిత్రము 'నాగిన్'లో పాములవాని నాగస్వరమని దేశమంతయు నమ్మి తల ఊపిన ధ్వని నాగస్వరమునుండి పుట్టలేదు. కల్యాణ్‌జీ క్లేవయొలీను అను విద్యుద్వాద్యముపై దానిని వాయించెను. 1969లో అహమదాబాదులోని జాతీయ డిజైను విద్యాలయమున అమెరికా సంగీతజ్ఞుడు డేవిడ్ ట్యూడర్ ఒక మూగ్ సింథసైజరును నెలకొల్పగా, గీతా సారాభాయి మొదలగువారు మూడేండ్లపాటు దానిమీద రచనలు చేసి టేపులలో నింపిరి. ఆ టేపులు అర్ధశతాబ్ది గడచిన పిమ్మటగాని లోకమునకు వినబడలేదు. బొంబాయి సినిమా వాద్యబృందములలో పనిచేసిన చరణ్‌జిత్ సింగ్ 1982లో పది రాగములను డిస్కో దరువునకు కట్టి ఒక రికార్డు చేసెను. ఆనాడు దానిని కొన్నవారు కొద్దిమంది. 2010లో అది మరల ముద్రితమైనప్పుడు ప్రపంచపు డాన్సు సంగీతజ్ఞులు, ఇట్టి ధ్వని చికాగోలో పుట్టుటకు కొన్ని యేండ్ల ముందే ఈ మనుష్యుడు దీనిని ఎట్లు చేసెనని ఆశ్చర్యపడిరి. రోలాండు కంపెనీవారి మూడు యంత్రములును, ఆ మనుష్యుని రాగజ్ఞానమును తప్ప అందులో వేరు రహస్యము లేదు.

ఇంటిలోనే స్టూడియో పెట్టుకొనుటయు నిన్నటి మాట కాదు. బీబీసీలో శబ్దప్రయోగశాలను నెలకొల్పినవారిలో ఒకరైన డాఫ్నీ ఓరమ్ 1959లో ఆ ఉద్యోగము వదలి, కెంటు ప్రాంతమున పూర్వము పంట ఆరబెట్టుటకు కట్టిన ఒక పాత కొట్టములో చేరి, ఫిల్ము చుట్టపై గీతలు గీసి ఆ గీతలనుండి ధ్వని పుట్టించు యంత్రమును నిర్మించుకొనెను. మా ఇంటి పత్తి గది తలపునకు వచ్చినప్పుడెల్ల ఆ పంట కొట్టము నాకు చుట్టమువలె తోచును. మద్రాసులో రాజ్-కోటిగారి వద్ద కీబోర్డు వాయించిన యువకుడు 1989లో తన ఇంటి పెరటిలో ఒక స్టూడియో కట్టుకొని, రాత్రులు మేల్కొని పనిచేసి, 1992లో 'రోజా' పాటలను లోకమునకిచ్చెను. ఆ రెహమానుగారే 2021లో మన బతుకమ్మకు, మిట్టపల్లి సురేందర్‌గారి సాహిత్యముతో, ఒక పాట కట్టిరి. ఇంటి గదిలో అన్నాచెల్లెండ్రిద్దరు చేసిన ఆల్బము 2020లో అమెరికావారి గ్రామీ పురస్కారములలో ఆ యేటి ఉత్తమ ఆల్బముగా ఎన్నికైనది. కావున గది చిన్నదనియు, పరికరము యంత్రమనియు చెప్పి ఈ పనిని తక్కువ చేయువారితో ఇక వాదించుట అనవసరము. నా వాదము వారితో కాదు. నాతోటివారితో, వారికన్న ముందు నాతో.

నర్సంపేటలో, ఖానాపురములో, నెక్కొండలో, చెన్నారావుపేటలో నావలె రాత్రులు కంప్యూటరు ముందు కూర్చుండువారు కలరు. ఇంటరు చదువు పిల్లలు, ఫోనులు బాగుచేయువారు, ఆటో నడుపువారు, పెండ్లిండ్లకు వీడియోలు తీయువారు. బతుకమ్మకు నెల ముందునుండియు, మేడారము జాతరకు రెండు నెలల ముందునుండియు, మాఘమాసపు లగ్గముల కాలమందును వారికి నిద్ర ఉండదు. పాట వచ్చు విధము ఇట్లుండును. ఎవరో ఒకరు పత్తి చేనిలోనో, నాటు మడిలోనో, బతుకమ్మ చుట్టునో ఒక స్త్రీ పాడుచుండగా ఫోనులో పట్టుదురు. అది వాట్సాపులో చేతులు మారి మారి ఒక రాత్రి ఒక గదికి చేరును. అచట దాని వెనుకనున్న గాలి చప్పుడు తీసివేసి, వేగము పెంచి, తీన్మారు దెబ్బ తగిలించి, నడుమ నడుమ చేసినవాని పేరును ఒక గంభీరమైన గొంతుతో చెప్పించి, పెన్‌డ్రైవులో వేసి డీజే బండివానికి ఇత్తురు. వాని పేరు పాటలో మూడుసార్లు వినబడును. పాడిన స్త్రీ పేరు ఉండవలసిన చోట 'జానపదం' అని ఉండును. కొందరు మరికొంత మర్యాదగా 'సేకరణ' అని వ్రాసి, సేకరించినవాని పేరు వేయుదురు.

నేనును ఆ విధముననే చేసితిని. నాలుగేండ్ల క్రిందట శ్రావణమాసమున మా దుకాణమునకు యూరియా కొరకు వచ్చిన ఒక రైతు, తన మడిలో నాటు వేయుచుండగా ఒక ముసలమ్మ పాడిన పాటను ఫోనులో వినిపించెను. పుట్టింటికి పంపని అత్తను గూర్చియు, గట్టు మీదినుండి కేకవేయు అన్నను గూర్చియు అల్లిన పాట. గొంతు కొంచెము బొంగురు. తుదల యందు సన్నగా వణకుచుండెను. నాకు ఒడలు గగుర్పొడిచినది. మూడు రాత్రులలో దానిని డీజే పాట చేసితిని. ఆమె పాడిన వేగము నిమిషమునకు తొంబది దెబ్బల దాపున నుండగా నేను నూట ఇరువది యెనిమిదికి పెంచితిని. ఆమె గొంతును ముక్కలుగా కోసి ప్రతి ముక్కను కంప్యూటరు గీసిన గళ్లలో సరిగా కూర్చితిని. వణకు స్వరములను సరిచేయు సాఫ్టువేరును ప్రయోగించి ప్రతి స్వరమును నిటారుగా నిలిపితిని. ఆమె పేరు అడుగలేదు. పేరు ఉండవలసిన చోట 'జానపదం' అని వ్రాసి క్రింద నా పేరు వేసికొంటిని. ఒక బండి యజమాని నాకు మూడు వేల రూపాయలు ఇచ్చెను. అందులో ఒక్క రూపాయియు ఆమెకు చేరలేదు.

మాఘమాసమున ఆ రైతు తన కుమారుని పెండ్లికి పిలువగా పోయితిని. రాత్రి బరాత్ బయలుదేరినది. బండి మీద ఆ పాటయే. పిల్లలు దుమ్ము లేచునట్లు ఆడుచుండిరి. నాకును సంతోషముగానే ఉండెను. ఆ రైతు నన్ను ఒక ఇంటి అరుగు దగ్గరకు తీసికొనిపోయి, "పాట పాడింది ఈ పెద్దమ్మనే" అని చెప్పి, నన్ను చూపి, "పాట చేసింది ఈయననే" అనెను. ఆమె అరుగు మీద కూర్చుండి చెవికి చేయి అడ్డుపెట్టుకొని వినుచుండెను. కొంతసేపు విని నా వైపు తిరిగి, "పాట నాదే, గొంతు నాదే. నడక ఎవలిది బిడ్డా?" అని అడిగినది. కోపముతో అడుగలేదు. ఎగతాళికిని అడుగలేదు. తెలిసికొనగోరి అడిగినది. నేను సమాధానము చెప్పలేక, "పెద్దమ్మా, మళ్ల వచ్చి చెప్త" అని మాత్రము అని, భోజనము చేయకయే ఇల్లు చేరితిని.

ఆ రాత్రి ఆ ఫోను రికార్డును, ఏమియు చేర్చక, ఏమియు తీయక, మొదటిసారి సంపూర్ణముగా వింటిని. మూడు రాత్రులు దానితో పనిచేసినవాడను, అంతవరకు వినలేదని అప్పుడు తెలిసినది. నేను తాళము తప్పినదనుకొన్న చోట్లన్నియు ఒకే విధముగా తప్పియున్నవి, అనగా తప్పలేదన్నమాట. నాటు వేయు స్త్రీలు బురదలో వెనుకకు అడుగువేయుచు పోవుదురు. ఎడమ చేతిలో నారు కట్ట, కుడి చేతితో మొక్కలు విడదీసి గ్రుచ్చుట. కట్ట అయిపోయినప్పుడు మరియొక కట్ట అందుకొనుటకు ఒక్క క్షణము నడుము ఎత్తుట. ఆమె చరణము తుదను సాగదీసిన ప్రతి చోటను, వెనుక నీటిలో కాలు తీసిన చప్పుడు వినబడుచుండెను. పాట ఆ అడుగును బట్టి, ఆ నడుమును బట్టి, ఆ ఊపిరిని బట్టి నడచుచున్నది. నేను దానిని కోసి గళ్లలో కూర్చినప్పుడు మడిని, నీటిని, నడుమును కూడ కోసివైచితిని. స్వరములను సరిచేయు ఆ సాఫ్టువేరు 1997లో వచ్చినది. దానిని కనిపెట్టిన ఆండీ హిల్డెబ్రాండు అంతకుముందు భూమిలోనికి ధ్వనితరంగములు పంపి అవి తిరిగివచ్చు తీరునుబట్టి చమురు నిలువలను పసిగట్టు గణితమున పండితుడు. గొప్ప ఉపకరణమే, తడబడిన గాయకుని అది ఎన్నోసార్లు ఆదుకొన్నది. కాని మామూలుగా వాడునప్పుడు అది ఎరిగినవి సమానముగా పంచిన పన్నెండు మెట్లు. మా ప్రాంతపు నాటు పాటలో రెండు మెట్ల నడుమ నిలిచి బ్రతుకు స్వరములు కలవు. ఆ ముసలమ్మ వాటిని అరువది యేండ్లుగా అచటనే పెట్టుచున్నది. వాటిని ప్రక్క మెట్టుకు ఈడ్చుటను 'సరిచేయుట' అనుట భాషకును అన్యాయమే.

తరువాతి వారము ఆమెను మా ఇంటికి రమ్మని అడిగితిని. మనుమరాలిని వెంటబెట్టుకొని ఒక రాత్రి వచ్చినది. కుర్చీలో కూర్చుండబెట్టి మైకు ముందు పెట్టగా ఆమెకు పాట రాలేదు. రెండుసార్లు మొదలుపెట్టి ఆగిపోయినది. మూడవసారి తానే లేచి, చీర కుచ్చెళ్లు దోపుకొని, నాటు వేయునట్లు ముందునకు వంగి నిలుచున్నది. నేను మైకును ఆమె మోకాలి ఎత్తునకు దించితిని. పాట వచ్చినది, ఐదు నిమిషములు ఆగక వచ్చినది. హెడ్‌ఫోను పెట్టి ఆమె గొంతును ఆమెకు వినిపించినప్పుడు ఆమె నవ్వలేదు, ఏడ్వలేదు. రెండవ చరణములో ఒక మాట తప్పినదని చెప్పి మరల పాడినది.

ఈసారి ఆమెను గళ్లలో కూర్చలేదు. గళ్లను ఆమెకు తగినట్లు గీసితిని. ఇది కష్టమే గాని అసాధ్యము కాదు. నేడు మనము వాడు సాఫ్టువేరులలో దాదాపు అన్నిటియందును, పాట పొడవునా దెబ్బదెబ్బకు చేతితో గుర్తుపెట్టి, యంత్రపు తాళము ఆ గుర్తులను అనుసరించునట్లు చేయు వీలు కలదు. వందలకొలది గుర్తులు పెట్టితిని. పదకొండు రాత్రులు పట్టినది. దప్పు కొరకు కొనుక్కొన్న లూపులను పక్కన పెట్టి, ఒక దప్పు కళాకారుని పిలిచి, పెరటిలో గడ్డిమంట వేయించితిని. మేకతోలు మంట సెగకు బిగిసి కణకణలాడునప్పటి ధ్వని వేరు, పది నిమిషములు గడచి చల్లారి దిగజారినప్పటి ధ్వని వేరు. సిర్ర దెబ్బ వేరు, చిటికెన పుల్ల దెబ్బ వేరు. కొనిన లూపులో ఒక్క క్షణపు ధ్వనియే మరల మరల తిరుగుచుండును. మా పాటలో తోలు చల్లారుచున్న సంగతి వినబడును. బేస్ కొరకు మాత్రము సింథసైజరునే వాడితిని. దానిని ఆమె అడుగు పడిన చోటనే పడునట్లు ఉంచితిని. ఇది ఎలక్ట్రానిక్ సంగీతమే. దానిని విడిచిపెట్టవలెనని నేను అనుటలేదు. ఎవరు ఎవరి వెంట నడువవలెనను ప్రశ్నకు మాత్రము జవాబు మార్చితిని.

డీజే బండ్ల రొదను గూర్చి ఒక మాట. నివాసప్రాంతములలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లకు మించి ధ్వని ఉండరాదని 2000 నాటి శబ్దకాలుష్య నియమములు చెప్పుచున్నవి. రాత్రి పదినుండి ఉదయము ఆరు వరకు బహిరంగ స్థలములలో మైకులు పెట్టరాదు. 2005లో సుప్రీంకోర్టు దీనిని గట్టిగా చెప్పినది. 2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు మతసంబంధమైన ఊరేగింపులలో డీజే పరికరములను నిషేధించిరి. నేను డీజే పాటలు చేయువాడనైనను ఈ కట్టుబాటును సమర్థింతును. గుండె జబ్బుగల ముసలివారి కిటికీ ముందు ఇనుప బండి నిలిపి రొమ్ములదరునట్లు మ్రోగించుట పాటకును అవమానమే. గదిలో అంత మెల్లగా విని కూర్చిన సున్నితములన్నియు ఆ రొదలో నలిగిపోవును.

ఇక నేను చెప్పదలచిన మాట. ఊరివారి నోట తరతరములుగా వచ్చు పాటకు కర్త తెలియకపోవచ్చును. అట్టి పాటపై ఎవరికిని గ్రంథస్వామ్యము లేకపోవచ్చును. కాని ఆ పాటను ఆ పూట పాడిన గొంతు అనామకము కాదు. మన దేశపు కాపీరైటు చట్టమునకు 2012లో చేసిన సవరణలో 38బి అను విభాగము చేరినది. తన ప్రదర్శనకు తన పేరు చెప్పవలెనని కోరు హక్కును, తన కీర్తికి భంగము కలుగునట్లు దానిని వికృతము చేయరాదని అడ్డుచెప్పు హక్కును అది ప్రదర్శకునకు ఇచ్చినది. నాటు మడిలో పాడిన ముసలమ్మయు ఆ చట్టము దృష్టిలో ప్రదర్శకురాలే. ఆమెకు ఆ సంగతి తెలియదు; తెలిసిన మనము మౌనముగా నున్నాము.

పాలకుర్తి మా నర్సంపేటకు ఎంతో దూరము కాదు. ఆ ఊరి సోమనాథుడు కాకతీయుల కాలమున పండితారాధ్య చరిత్రమున ఎన్నో వీణల పేర్లను, తుమ్మెద పదములు, ప్రభాత పదములు, వెన్నెల పదములు, నివాళి పదములు అని జనులు పాడుకొను పదముల పేర్లను భద్రపరచి మనకు మహోపకారము చేసెను. ఆ పదములను పాడిన స్త్రీల పేర్లు మాత్రము మనకు దక్కలేదు. కాకతీయ గణపతిదేవుని గజసాహిణి, అనగా గజదళాధిపతియైన జాయపసేనాని 1253-54 ప్రాంతమున నృత్తరత్నావళిని రచించెను. వాద్యములను గూర్చి వాద్యరత్నావళి, గీతమును గూర్చి గీతరత్నావళి అను గ్రంథములను కూడ ఆయన వ్రాసెనని పండితులందురు. అవి రెండును లభించుటలేదు. తాటాకుపై వ్రాయుట ఎంత శ్రమయో, ఆ తాటాకు చెదలకు ఎంత సులభముగా లొంగునో తలచుకొన్నచో ఆ నష్టమునకు ఎవరిని నిందింపగలము? మన స్థితి అది కాదు. మనము పాటను ఫైలుగా భద్రపరచునప్పుడు పాడినవారి పేరు వ్రాయుటకు ఆ ఫైలులోనే ఒక చోటు కలదు. సెకండుకు 44,100 సార్లు గొంతును కొలిచి దాచు యంత్రము, ఆ గొంతు ఎవరిదో వ్రాయుటకు నాలుగు అక్షరముల చోటు అడుగుచున్నది. ఆ చోటును 'జానపదం' అను మాటతో నింపితిమా, ఏడు వందల యేండ్లనాటి ఆ నష్టమును మనము తెలిసి తెలిసి మరల చేసినవారమగుదుము.

ఆ ముసలమ్మ పేరు ఈ వ్యాసమున లేదు. పత్రికలో వేయవద్దనియు, పాట మీద వేయుమనియు ఆమె చెప్పినది. ఆ రెండు మాటలును ఆమె హక్కే. రెండవసారి చేసిన పాట ఫైలులో మొదటి పేరు ఆమెది, రెండవది దప్పు కళాకారునిది, మూడవది నాది. పాటకు వచ్చినది కొద్ది సొమ్మే. దానిని మూడు పాళ్లు చేసితిమి. పాత పాటను నా యొద్దనున్న చోట్లన్నిటినుండి తీసివేసితిని. బండ్లవారి పెన్‌డ్రైవులలో అది ఇంకను తిరుగుచున్నది. దానికి నేను చేయగలిగినది లేదు.

రాత్రులు మేల్కొని పాటలు చేయు తమ్ములారా, చెల్లెండ్రారా, ఈ వానకాలమున మరల నాట్లు పడును. ఫోను పట్టుకొని గట్టు మీద నిలుచుండునప్పుడు రికార్డు బొత్తాము నొక్కుటకు ముందు, "అమ్మా, నీ పేరేంది? ఏ ఊరు? ఈ పాట ఎవరి దగ్గర నేర్చినవు?" అని అడుగుడు. ఆమె చెప్పు ఆ మూడు మాటలను ఆమె గొంతుతోనే పాటకు ముందుగా రికార్డు చేయుడు. అది మీ గదికి చేరిన రాత్రి, మీరు ఏమి కోసివేసినను, ఆ మూడు మాటలను మాత్రము కోయకుడు.